కోచ్ కొడుకైతే లాభమా.. నష్టమా? రహీం సాబ్ తనయుడు హకీంపై రెండుగా చీలిన ఫుట్‌బాల్ అభిమానులు

కామారెడ్డి, ఎల్లారెడ్డి: జట్టును ఎంపిక చేసేది తండ్రి. ఆ జట్టులో చోటు కోసం ఎదురుచూస్తున్నది కొడుకు. తీసుకుంటే జనం ఒక మాట అంటారు, తీసుకోకపోతే ఇంకో మాట అంటారు. మరి ఆ తండ్రి ఏం చేయాలి? ఆ కొడుకు ఎవరికి చెప్పుకోవాలి?

ఇది మండల స్థాయి స్కూల్ సెలక్షన్స్‌లో వినిపించే గొడవలాగే ఉంది కదా. కానీ ఇదే ప్రశ్న ఒకప్పుడు ఒలింపిక్స్ దాకా వెళ్లింది. అదీ మన హైదరాబాద్ కుటుంబం నుంచే. భారత ఫుట్‌బాల్‌కు స్వర్ణయుగం చూపించిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, ఆయన కొడుకు, ఒలింపియన్ సయ్యద్ షాహిద్ హకీం కథ అది. ఆరు దశాబ్దాలు దాటినా అభిమానులు ఈ విషయంలో ఒక మాట మీదకు రాలేదు. 2024 ఏప్రిల్‌లో అజయ్ దేవగణ్ 'మైదాన్' సినిమా వచ్చాక, ఆ తర్వాత ఓటీటీలో చూశాక, రహీం సాబ్ పేరే వినని కొత్త తరం కూడా ఈ చర్చలోకి దిగింది.

కొడుకు విషయంలో తండ్రి న్యాయంగానే ఉన్నాడా? లేక న్యాయంగా కనిపించడం కోసం కొడుకును పక్కన పెట్టాడా? అసలు కొడుకు కాబట్టే జట్టుతో పాటు రోమ్ దాకా తీసుకెళ్లాడా? మూడు ప్రశ్నలకూ ఆధారం ఒక్కటే సంఘటన. అదేంటో ముందు చూద్దాం.

అసలేం జరిగింది?

రహీం సాబ్ 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. వృత్తి రీత్యా టీచర్. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు పగ్గాలు చేపట్టారు. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. కోల్‌కతా క్లబ్బులు తప్ప ఇంకెవరూ కనిపించని రోజుల్లో ఇది మామూలు విషయం కాదు.

భారత జట్టు కోచ్‌గా ఆయన రికార్డు ఇంకా పెద్దది. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మళ్లీ స్వర్ణం. అప్పటికే ఆయనకు క్యాన్సర్. ఏడాది తిరగకుండానే, 1963 జూన్ 11న కన్నుమూశారు.

మెల్‌బోర్న్‌కు, జకార్తాకు మధ్య వచ్చింది 1960 రోమ్ ఒలింపిక్స్. ఆ జట్టులో 21 ఏళ్ల హకీం ఉన్నారు. మిడ్‌ఫీల్డర్. కోచ్ స్వయానా తండ్రి. భారత్ గ్రూపులో హంగరీ, ఫ్రాన్స్, పెరూ ఉన్నాయి. హంగరీ చేతిలో 2-1తో ఓడాం. ఫ్రాన్స్‌తో 1-1తో డ్రా చేసుకున్నాం. పెరూ చేతిలో 3-1తో ఓడాం. మూడు మ్యాచ్‌లూ అయిపోయాయి. హకీం ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.

రెండేళ్ల తర్వాత జకార్తా వెళ్లిన జట్టులో హకీంకు చోటే దక్కలేదు. ఆ జట్టు స్వర్ణంతో తిరిగొచ్చింది.

ఇందులో బాధ కలిగించే విషయం ఇంకోటి ఉంది. రోమ్ తర్వాత భారత పురుషుల ఫుట్‌బాల్ జట్టు మళ్లీ ఒలింపిక్స్‌కు అర్హత సాధించలేదు. జకార్తా తర్వాత ఆసియా క్రీడల్లో మళ్లీ స్వర్ణం గెలవలేదు. అంటే హకీం బెంచ్ మీద కూర్చున్నది మన చివరి ఒలింపిక్స్‌లో, దూరమైంది మన చివరి స్వర్ణానికి. ఆయన కళ్ల ముందే తలుపు మూసుకుంది. ఇప్పటిదాకా మళ్లీ తెరుచుకోలేదు.

అభిమానుల వాదనలేంటి?

ఒక వర్గం వాదన చాలా సూటిగా ఉంటుంది. రహీం సాబ్ గొప్పతనం ఇదేనంటారు వీళ్లు. సొంత కొడుకు బెంచ్ మీద ఉన్నా, దేశానికి ఎవరు అవసరమో వాళ్లనే ఆడించాడు. ఈ రోజుల్లో అలాంటి వాళ్లు ఎక్కడున్నారు అని అడుగుతారు. సినిమా చూసిన వాళ్లలో ఎక్కువ మంది ఇటువైపే ఉంటారు. త్యాగం కనిపిస్తే మన ప్రేక్షకుడు వెంటనే కరిగిపోతాడు కదా.

రెండో వర్గం ఒప్పుకోదు. కాకి పిల్ల కాకికి ముద్దు అన్నట్టు, అసలు రోమ్ విమానం ఎక్కించడమే తండ్రి చలవ కాదా అని వీళ్ల అనుమానం. ఆడించకపోయినా 'ఒలింపియన్' అన్న పేరు వచ్చింది కదా, ఆ చోటు ఇంకో కుర్రాడికి దక్కాల్సింది కాదా అంటారు.

మూడో మాట కూడా ఉంది. ఇది తక్కువ మంది అంటారు గానీ, కొట్టిపారేయలేం. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు అన్నట్టు, కొడుకు కావడమే హకీంకు శాపమైందని వీళ్ల వాదన. వేరే కోచ్ ఉంటే రోమ్‌లో ఒక్క మ్యాచ్ అయినా ఆడేవాడేమో, జకార్తాకైనా వెళ్లేవాడేమో. తండ్రి తన పేరు మీద మచ్చ పడకూడదని కొడుకు కెరీర్‌ను పణంగా పెట్టాడా?

గమనించండి. సంఘటన ఒక్కటే. కానీ ఒకరికి త్యాగం కనిపిస్తోంది, ఇంకొకరికి పక్షపాతం కనిపిస్తోంది, మరొకరికి అన్యాయం కనిపిస్తోంది. ఎందుకంటే ముగ్గురూ చూస్తున్నది ఆటను కాదు, చుట్టరికాన్ని.

చుట్టరికం పక్కన పెట్టి చూస్తే?

సరే, కాసేపు హకీం ఎవరి కొడుకన్నది మర్చిపోదాం. రోమ్‌లో మిడ్‌ఫీల్డ్ పరిస్థితి ఏంటి?

మొదటి విషయం, స్థానాలు. ఇప్పటి జట్లలో మధ్యలో ముగ్గురు, ఒక్కోసారి నలుగురు, ఐదుగురు కూడా ఆడుతున్నారు. అప్పటి పద్ధతుల్లో మధ్యలో ఉండేది ఇద్దరు హాఫ్‌బ్యాక్‌లే. భారత్‌లో 4-2-4 పద్ధతిని ముందుగా ప్రయోగించిన కోచ్‌గా రహీంకు పేరుంది. అందులోనూ మధ్యలో ఇద్దరే. ఆ రెండు స్థానాలకు కెంపయ్య, రామ్ బహదూర్, ఫ్రాంకో లాంటి వాళ్లు పోటీలో ఉన్నారు. పైగా ముందు వరుసలో కెప్టెన్ పీకే బెనర్జీ, చునీ గోస్వామి, మన సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం. వీళ్లలో ఎవరినీ కదిలించే పరిస్థితి లేదు.

రెండో విషయం, సబ్‌స్టిట్యూట్‌లు. ఈరోజు మ్యాచ్ చూసేవాళ్లకు ఐదుగురిని మార్చడం అలవాటైపోయింది. 70వ నిమిషంలో ఓ కుర్రాడిని దింపి, ఓ ఇరవై నిమిషాలు చూస్తారు. అప్పట్లో ఆ వీలు లేదు. ప్రపంచకప్‌లో సబ్‌స్టిట్యూట్‌లను అనుమతించిందే 1970లో. అంటే రోమ్‌లో మొదటి పదకొండు మందిలో పేరు లేకపోతే, ఆ రోజుకు అంతే. కాస్త చూద్దాం అని దింపే అవకాశం ఏ కోచ్‌కూ లేదు.

మూడో విషయం, మ్యాచ్‌ల తీవ్రత. ఉన్నవి మూడే. మొదటి ప్రత్యర్థి హంగరీ చివరికి కాంస్యం గెలిచిన జట్టు. దాని మీద బలరాం గోల్ కొట్టాడు, ఒక్క గోల్ తేడాతోనే ఓడిపోయాం. ఫ్రాన్స్‌ను నిలువరించాం. ప్రయోగాలు చేసుకోవడానికి తేలికైన మ్యాచ్ అంటూ ఒక్కటి కూడా లేదు.

ఈ మూడూ కలిపి చూస్తే హకీం ఆడకపోవడంలో వింతేమీ లేదు. కోచ్ ఎవరైనా ఇదే జరిగి ఉండొచ్చు.

ఫ్రాంకో ఉదాహరణ ఏం చెబుతోంది?

ఇక్కడే అభిమానులు పెద్దగా పట్టించుకోని ఒక పేరు చెప్పాలి. ఫార్చునాటో ఫ్రాంకో. గోవా మూలాలున్న ఆటగాడు. ముంబైలో టాటా జట్టుకు ఆడాడు. హకీం లాగే మిడ్‌ఫీల్డ్. హకీం లాగే రోమ్ వెళ్లాడు. హకీం లాగే అక్కడ ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.

ఫ్రాంకోకు రహీంతో చుట్టరికం లేదు. ఆయన బెంచ్ మీద కూర్చుంటే ఎవరూ త్యాగం అనలేదు, పక్షపాతం అనలేదు. జట్టు బలంగా ఉంది, చోటు లేదు, అంతే అనుకున్నారు. పక్కనే అదే బెంచ్ మీద కూర్చున్న హకీం విషయంలో మాత్రం ఇప్పటికీ మూడు వాదనలు నడుస్తున్నాయి. తేడా ఒక్కటే. ఇంటి పేరు.

అయితే కథ అక్కడితో అయిపోలేదు. రెండేళ్ల తర్వాత ఫ్రాంకో జకార్తా వెళ్లాడు. ప్రశాంత సిన్హాతో కలిసి మిడ్‌ఫీల్డ్‌ను మోశాడు. స్వర్ణ పతకంతో తిరిగొచ్చాడు. హకీం వెళ్లలేదు. కాబట్టి హకీంకు అన్యాయం జరిగిందనే వాళ్లకు కూడా ఇక్కడ ఒక ఆధారం దొరుకుతుంది. రోమ్‌లో ఇద్దరూ ఒకే బెంచ్ మీద ఉన్నప్పుడు, జకార్తాకు ఒకరే ఎందుకు వెళ్లారు?

దీనికి ఆటలోనే జవాబు ఉండి ఉండొచ్చు. జకార్తాలో రహీం తీసుకున్న నిర్ణయాలు చూస్తే ఆయన ఎవరి ముఖమూ చూసే మనిషి కాదనిపిస్తుంది. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమైతే, ఆయన్ను ఇంటికి పంపకుండా ఫార్వర్డ్‌గా ఆడించారు. ఫైనల్లో పీకే బెనర్జీతో పాటు గోల్ కొట్టింది ఆ జర్నైల్ సింగే. అవసరం ఏంటో చూసి మనిషిని కదిపే కోచ్ ఆయన.

కానీ రహీం మనసులో ఏముందో మనం కొలవలేం. అసలు సమస్య కూడా అదే. కొలవలేని చోటే అనుమానం పుడుతుంది.

గోల్ కొట్టేవాడికి లెక్క ఉంటుంది.. మిగతావాళ్లకు?

వంద మీటర్ల పరుగులో కోచ్ కొడుకు పరిగెత్తినా గొడవ ఉండదు. స్టాప్‌వాచ్ చెబుతుంది. లాంగ్ జంప్‌లో టేపు చెబుతుంది. ఫుట్‌బాల్‌లో అలా కాదు. స్ట్రైకర్‌కు కనీసం గోల్స్ అనే లెక్క ఉంది. మిడ్‌ఫీల్డర్‌కు ఏముంది? బంతి లేనప్పుడు ఎక్కడ నిలబడ్డాడు, ఎదుటివాడి దారి ఎలా మూశాడు, పాస్ ఒక్క క్షణం ముందు ఇచ్చాడా లేదా. ఇదంతా కోచ్ కన్ను చూసి చెప్పాల్సిందే. ఆ కన్ను తండ్రిది అయితే, ఎంత నిజం చెప్పినా నమ్మేవాళ్లు తక్కువ.

ప్రపంచ ఫుట్‌బాల్‌లో ఇలాంటి తండ్రీకొడుకుల కథలు చాలా ఉన్నాయి. అన్నింట్లోనూ ఇదే కనిపిస్తుంది.

ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్ ఫారెస్ట్ మేనేజర్ బ్రయాన్ క్లఫ్ తన కొడుకు నైజెల్‌ను 1984లో జట్టులోకి తెచ్చారు. బయట మాట్లాడేటప్పుడు నైజెల్‌ను కొడుకు అనకుండా, జెర్సీ నంబరుతో 'నంబర్ నైన్' అని చెప్పేవారు. మొదట్లో గుసగుసలు వచ్చాయి. కానీ నైజెల్ ఆ క్లబ్‌కు మొత్తం 131 గోల్స్ కొట్టాడు. క్లబ్ చరిత్రలో రెండో అత్యధిక స్కోరర్. గోల్స్ లెక్క ముందు గుసగుసలు ఆగిపోయాయి.

ఫ్రాంక్ లాంపార్డ్ కథ ఇంకా ఆసక్తికరం. వెస్ట్‌హామ్ మేనేజర్ హ్యారీ రెడ్‌నాప్ ఆయనకు తల్లి సోదరి భర్త. తండ్రి అసిస్టెంట్ కోచ్. 1996లో అభిమానుల సమావేశంలో ఒకాయన లేచి, కుర్రాడు బాగున్నాడా లేక బంధువు కాబట్టి ఆడుతున్నాడా అన్న అర్థం వచ్చేలా నిలదీశాడు. లాంపార్డ్ అక్కడే వేదిక మీద కూర్చుని ఉన్నాడు. ఈ కుర్రాడు పైస్థాయికి వెళ్తాడని రెడ్‌నాప్ అందరి ముందే తేల్చి చెప్పారు. తర్వాత లాంపార్డ్ చెల్సీకి వెళ్లి 211 గోల్స్ కొట్టి, ఆ క్లబ్ చరిత్రలోనే నంబర్ వన్ స్కోరర్ అయ్యాడు. రుజువు దొరికింది. కానీ ఎక్కడ? ఆ బంధువు, తండ్రి లేని చోట.

ఇటలీలో 1998 ప్రపంచకప్‌కు కోచ్ చెజారే మాల్దీని, కెప్టెన్ ఆయన కొడుకు పావ్లో. అక్కడ ఈ గొడవ పెద్దగా లేదు. ఎందుకంటే తండ్రి కోచ్‌గా రాకముందే పావ్లో ప్రపంచంలోని మేటి డిఫెండర్లలో ఒకడు. సీనియర్ జట్టులోకి ఆయన్ను తెచ్చింది తండ్రి కాదు.

మాంచెస్టర్ యునైటెడ్‌లో అలెక్స్ ఫెర్గూసన్ కొడుకు డారెన్‌కు వేరే అనుభవం. 1992-93 లీగ్ గెలిచిన జట్టులో మెడల్ అందుకున్నాడు. కానీ మిడ్‌ఫీల్డ్‌లో పోటీ పెరిగాక చోటు కష్టమైంది. 1994 జనవరిలో వేరే క్లబ్‌కు వెళ్లిపోయాడు. అక్కడ కూడా మిడ్‌ఫీల్డే, గమనించారా?

ఇప్పుడు చూస్తున్న కథ అట్లెటికో మాడ్రిడ్‌ది. కోచ్ డియేగో సిమియోనీ, కొడుకు గిలియానో. గిలియానో ముందు జరగోజాకు, తర్వాత అలవేస్‌కు లోన్ మీద వెళ్లి ఆడాడు. కాలు విరిగింది, కోలుకున్నాడు. ఆ తర్వాతే, 2024-25 సీజన్లో తండ్రి జట్టులో స్థిరపడ్డాడు. అనుమానం పూర్తిగా పోయిందా అంటే చెప్పలేం గానీ, వేరే కోచ్‌లు కూడా ఆడించారు అన్న జవాబు అతని దగ్గర ఉంది.

హకీం దగ్గర భారత జట్టు స్థాయిలో ఆ జవాబు లేదు. దేశానికి జట్టు ఒక్కటే. దాని కోచ్ తండ్రే. వేరే చోటుకు వెళ్లి రుజువు చేసుకుని వస్తానంటే దారి లేదు. తండ్రి పోయేనాటికి ఆయనకు ఇంకా 24 ఏళ్లు నిండలేదు. కానీ భారత ఫుట్‌బాల్ దశే అక్కడి నుంచి మారిపోయింది.

కామారెడ్డికి, ఎల్లారెడ్డికి దీంతో పనేంటి?

చాలా పని ఉంది.

మన దగ్గర ఫుట్‌బాల్ అంటే రాత్రి పన్నెండున్నరకు మొబైల్‌లో చూసే యూరప్ మ్యాచ్ అనుకుంటాం. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో ఐఎస్ఎల్ కప్ గెలిచినప్పుడు కాస్త ఊపు వచ్చింది. డబ్బుల కష్టాలతో ఆ క్లబ్ 2025లో ఢిల్లీకి తరలిపోయింది, పేరు కూడా మారిపోయింది. పెద్ద క్లబ్ లేనప్పుడు జిల్లా కుర్రాడికి మిగిలేది ఏంటి? స్కూల్ గేమ్స్, సీఎం కప్, యూనివర్సిటీ జట్టు. మండలం, జిల్లా, రాష్ట్రం. మెట్టు మెట్టుకీ సెలక్షన్. ప్రతి సెలక్షన్‌లోనూ ఒకరిద్దరి కన్నే తీర్పు.

ఆ తీర్పు వెనక ఉన్నది కప్పు మాత్రమే కాదు. స్పోర్ట్స్ సర్టిఫికెట్. కాలేజీ సీటులో స్పోర్ట్స్ కోటా ఉంది. ప్రభుత్వ ఉద్యోగాల్లో 2 శాతం స్పోర్ట్స్ కోటా ఉంది. ఎల్లారెడ్డి వైపు పల్లె నుంచి ఫస్ట్ బస్సు పట్టుకుని కామారెడ్డి గ్రౌండ్‌కు వచ్చే పిల్లాడికి, వాడి వెంట కూలి మానుకుని వచ్చే తండ్రికి ఆ కాగితం విలువ బాగా తెలుసు. పద్దెనిమిది మంది పేర్లు చదివినప్పుడు తన పేరు లేకపోతే వాడు అడిగే మొదటి ప్రశ్న ఒకటే. ఆ పిల్లగాడు సార్ వాళ్ల మనిషా?

ఒక్కోసారి ఆ అనుమానం నిజమే కావొచ్చు. ఒక్కోసారి కాకపోవచ్చు. కానీ తెలుసుకునే మార్గం ఆ తండ్రికి ఉందా? సాధారణంగా ఉండదు. పేర్లు చదువుతారు. కారణాలు చదవరు.

అవతలి వైపు కూడా చూడాలి. పీఈటీ సార్ కొడుకు నిజంగానే బాగా ఆడితే? వాడికి ఇంకో రకం కష్టం. బాగా ఆడినా తోటి పిల్లలు పాస్ ఇవ్వరు. చోటు దొరికితే నాన్న వల్ల అంటారు. దొరక్కపోతే నాన్న మంచోడు అంటారు. వాడి ఆట గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. హకీం పడ్డది అచ్చంగా ఇదే.

పేరు బరువు గురించి కామారెడ్డి వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2023 అసెంబ్లీ ఎన్నికల్లో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్, ఆ తర్వాత ముఖ్యమంత్రి అయిన రేవంత్ రెడ్డి ఇద్దరూ ఇక్కడే పోటీ చేశారు. గెలిచింది మాత్రం స్థానిక నేత, బీజేపీ అభ్యర్థి వెంకటరమణా రెడ్డి. ఎంత పెద్ద పేరు ఓడినా ఆ ఫలితం మీద గొడవ లేదు. ఎందుకంటే ఓట్లు అందరి ముందే లెక్కపెట్టారు. సెలక్షన్‌లో లేనిది సరిగ్గా అదే. అందరి ముందు పెట్టే లెక్క.

మరి పరిష్కారం?

ఇక్కడ ఒక పొరపాటు చేస్తుంటాం. రహీం లాంటి నిజాయితీపరుడు ఉంటే చాలు, అంతా సరిపోతుంది అనుకుంటాం. కానీ రహీం లాంటి మనిషి ఉన్నా అనుమానం పోలేదు కదా. ఆరు దశాబ్దాలుగా వాదన నడుస్తూనే ఉంది. అంటే మనిషి మంచివాడైతే సరిపోదు. పద్ధతి కూడా మంచిది కావాలి.

ఇంకో మాట. కొడుకును తీసుకోకపోవడమే నిజాయితీకి గుర్తు అనుకోవడం కూడా తప్పే. కొడుకు కాబట్టి ఆడిస్తే ఎంత అన్యాయమో, కొడుకు కాబట్టి ఆపేస్తే అంతే అన్యాయం. రెండు చోట్లా ఆటను పక్కన పెట్టి పుట్టుకను చూసినట్టే. 'మైదాన్' చూసి చప్పట్లు కొట్టేవాళ్లు ఈ ఒక్క విషయం ఆలోచించాలి. రహీం గొప్పవాడు కొడుకును ఆడించనందుకు కాదు. కొడుకు స్థానంలో ఎవరున్నా అదే నిర్ణయం తీసుకునేవాడు అని మనం నమ్మగలిగితేనే గొప్పవాడు. ఫ్రాంకో పక్కనే ఆ బెంచ్ మీద ఉన్నాడు కాబట్టి, కనీసం రోమ్ వరకు ఆ నమ్మకానికి ఆధారం ఉంది.

జిల్లా స్థాయిలో చేయాల్సినవి పెద్ద ఖర్చు లేనివే.

ఒకటి, సెలక్షన్ కమిటీలో ఉన్నవాళ్ల పిల్లలో, దగ్గరి బంధువులో ట్రయల్స్‌లో ఉంటే ఆ విషయం ముందే చెప్పాలి. ఆ పిల్లల స్థానం గురించి నిర్ణయం తీసుకునేటప్పుడు ఆయన పక్కకు తప్పుకోవాలి. పక్క జిల్లా నుంచి ఒక కోచ్‌ను ఆ రోజుకు పిలిస్తే చాలు.

రెండు, ట్రయల్స్‌లో పేర్లు కాదు, నంబర్లే ఉండాలి. మార్కులు వేసేవాళ్లు కనీసం ముగ్గురు ఉండాలి. ఎవరి షీటు వాళ్లు విడిగా నింపాలి.

మూడు, ఆ మార్కులు అదే రోజు నోటీసు బోర్డు మీద పెట్టాలి. మిడ్‌ఫీల్డర్‌కు గోల్స్ లెక్క ఉండదు కాబట్టి, పాసింగ్, స్థానం పట్టుకోవడం, బంతి లాక్కోవడం, ఓర్పు లాంటి అంశాలకు విడివిడిగా మార్కులు ఉండాలి.

నాలుగు, ఎంపిక కాని పిల్లాడికి ఎందుకు కాలేదో ఒక్క మాట చెప్పాలి. ఎడమ కాలు వాడటం లేదు అనో, రెండో హాఫ్‌లో అలసిపోతున్నావు అనో చెబితే వాడు వచ్చే ఏడాది దాని మీద పని చేస్తాడు. ఏమీ చెప్పకపోతే పగ పెంచుకుంటాడు, లేదా ఆట మానేస్తాడు.

ఈ ప్రాంతంలో ప్రతిభ లేదు అనుకుంటే పొరపాటే. 2016 అక్టోబర్‌లో విడిపోకముందు కామారెడ్డి ఉన్నది నిజామాబాద్ జిల్లాలోనే. ఆ నిజామాబాద్ జిల్లా కిసాన్‌నగర్ తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య ఈరోజు భారత మహిళల జట్టుకు ఆడుతోంది. ఈస్ట్ బెంగాల్ 2024-25 మహిళల లీగ్ గెలవడంలో ఆమె పాత్ర ఉంది. అదే సీజన్‌కు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఉత్తమ మహిళా క్రీడాకారిణి అవార్డు కూడా అందుకుంది. తండా నుంచి జాతీయ జట్టుకు దారి ఉందని ఆమె చూపించింది. ఆ దారిలో మెట్టు మెట్టుకూ ఉన్న సెలక్షన్ మీద నమ్మకం ఉంటేనే, ఇంకో పిల్ల బూట్లు కట్టుకుంటుంది.

చివరికి హకీం ఏమయ్యారు?

హకీం ఆట వదల్లేదు. ఎయిర్‌ఫోర్స్‌లో స్క్వాడ్రన్ లీడర్ స్థాయికి ఎదిగారు. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో పీకే బెనర్జీకి సహాయ కోచ్‌గా పనిచేశారు. రోమ్‌లో తన కెప్టెన్ అయిన అదే పీకే. క్లబ్ జట్లకు శిక్షణ ఇచ్చారు. స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియాలో పనిచేశారు. 2017 అండర్-17 ప్రపంచకప్‌కు ముందు కుర్రాళ్లను వెతికే బాధ్యత తీసుకున్నారు. అదే ఏడాది ధ్యాన్‌చంద్ అవార్డు అందుకున్నారు. 2021 ఆగస్టు 22న కలబురగిలో కన్నుమూశారు. వయసు 82 ఏళ్లు. అదే ఏడాది మేలో, రోమ్ బెంచ్ మీద పక్కనే కూర్చున్న ఫ్రాంకో కూడా వెళ్లిపోయారు.

హకీం చేసిన ఇంకో పని గురించి పెద్దగా చెప్పుకోరు. ఆయన ఫిఫా గుర్తింపు పొందిన అంతర్జాతీయ రిఫరీ కూడా. రిఫరీగా గ్రౌండ్‌లో దిగాక ఎవరు ఎవరి కొడుకో చూడటానికి వీల్లేదు. తప్పు చేస్తే విజిల్ ఊదాలి, అంతే. అది కూడా అందరి కళ్ల ముందే.

అభిమానులు రెండుగా చీలితే చీలనివ్వండి, ఫుట్‌బాల్ అంటేనే వాదన. కానీ రేపు కామారెడ్డి గ్రౌండ్‌లో సెలక్షన్స్ జరిగినప్పుడు, పేరు లేని పిల్లాడు ఎందుకు లేదో తెలుసుకుని ఇంటికి వెళ్లాలి. పేరున్న పిల్లాడు తలెత్తుకుని జట్టులో నిలబడాలి. వాడు సార్ కొడుకైనా సరే, కూలీ కొడుకైనా సరే.